సెనేటర్ బెవరిడ్జ్, చరిత్రకారుడు బెవరిడ్జ్ ఒకరేనా? ఆయన రాసిన చరిత్రను నమ్మొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎం.ఏ. చరిత్ర చదువుతున్నారు. ఒక అమెరికన్ పుస్తకం వెనక అట్ట మీద దానికి బెవరిడ్జ్ అవార్డు వచ్చిందని ఉంది. ఆ బెవరిడ్జ్ ఎవరా అని వెతికితే, ఫిలిప్పీన్స్ ఎప్పటికీ మనదేనని 1900లో సెనేట్‌లో ఉపన్యాసం దంచిన పెద్దమనిషి తేలాడు. ఇద్దరూ ఒకరేనా, ఒకరే అయితే అలాంటి రాజకీయ నాయకుడు రాసిన చరిత్రను సెమినార్ పేపర్లో వాడుకోవచ్చా, గైడ్ ఏమంటారోనని టెన్షన్‌గా ఉందన్నారు.

ఒకరే. ఇండియానా రాష్ట్రం తరఫున 1899 నుంచి 1911 దాకా రెండు విడతలు సెనేటర్‌గా చేసిన ఆల్బర్ట్ జె. బెవరిడ్జ్. ఇక వాడుకోవడం సంగతి: వాడుకోండి, కానీ ఆయన మాటలూ రాతలూ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పదవిలో ఉండగా మాట్లాడినవి ఆ కాలపు సామ్రాజ్యవాదానికి సాక్ష్యంగా పనికొస్తాయి, అంతకు మించి కాదు. పదవి పోయాక రాసిన, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ జీవిత చరిత్ర గట్టి పనే, కాకపోతే ఒక పక్షం వకీలు చేసిన పని. బెవరిడ్జ్ రాస్తూ రాస్తూ కన్నుమూయడంతో మధ్యలో ఆగిపోయిన లింకన్ పుస్తకం మాత్రం, నా లెక్కలో, ఆయన చేసిన వాటన్నిటిలోకీ నిజాయితీ ఎక్కువున్న పని. ఎందుకలా అంటున్నానో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు నా సంగతి. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పాను. అమెరికా చరిత్ర పేపరు ఎవరూ తీసుకోకపోతే నా నెత్తిన పడింది. ఆ వంకతో వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్ళి ఉస్మానియా ప్రాంగణంలోని అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. 1964లో పెట్టిన ఆ లైబ్రరీ అప్పట్లో మాలాంటివాళ్ళకు కల్పవృక్షం లాంటిది. మార్షల్ నాలుగు సంపుటాలూ మొదట చదివింది అక్కడే. తర్వాత నేనే మా ప్రాంతపు నాయకుడొకరి జీవిత చరిత్ర రాయబోయి బాగా దెబ్బతిన్నాను. బెవరిడ్జ్ నాకు నిజంగా అర్థమైంది ఆ దెబ్బ తర్వాతే. ఆ కథ కిందకి వస్తుంది.

పేరు గురించి ఒక హెచ్చరిక. మన దగ్గర లైబ్రరీలో బెవరిడ్జ్ అని అడిగితే బాబర్‌నామా తెచ్చి చేతిలో పెడతారు. దాన్ని తుర్కీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చిన అనెట్ బెవరిడ్జ్ వేరు, అక్బర్‌నామా అనువదించిన ఆమె భర్త హెన్రీ వేరు, 1942లో బ్రిటన్ సంక్షేమ పథకాలకు నివేదిక రాసిన వాళ్ళబ్బాయి విలియం వేరు. ఆ అబ్బాయి పుట్టింది మన బెంగాల్లోనే. మన సెనేటర్‌కి వీళ్ళతో సంబంధం కలిపి ఒక కుర్రాడు నాకు పరీక్షలో ఏకంగా మూడు పేజీలు రాశాడు.

సరే, మనిషి దగ్గరికి వద్దాం. 1862 అక్టోబర్ 6న ఒహాయోలో పుట్టాడు, అంతర్యుద్ధం నడుస్తుండగా. యుద్ధం తర్వాత కుటుంబం చితికిపోయి ఇల్లినాయ్ చేరింది. పన్నెండేళ్ళకు నాగలి పట్టాడు, పద్నాలుగేళ్ళకు రైలు పట్టాల పనిలో కూలీ, పదిహేనేళ్ళకు దుంగలు కొట్టే చోట, లాగే చోట. చదువు మీద ఆకలితో ఇండియానాలోని యాస్బరీ యూనివర్సిటీకి వెళ్ళి 1885లో డిగ్రీ పూర్తి చేశాడు, దాన్నే ఇప్పుడు డిపా యూనివర్సిటీ అంటారు. అక్కడ వక్తృత్వ పోటీలన్నీ ఊడ్చేశాడు. నోరే పెట్టుబడి అయిన మనిషి. 1887లో ఇండియానాపొలిస్‌లో ప్లీడరీ మొదలుపెట్టి, ఎన్నికలొచ్చినప్పుడల్లా రిపబ్లికన్ పార్టీకి ఊరూరా ఉపన్యాసాలిస్తూ పైకొచ్చాడు.

1899లో సెనేటర్ అయ్యాడు, అప్పటికి వయసు ముప్పై ఆరు. ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతొకటుంది, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. అప్పట్లో సెనేటర్లను ఓటర్లు ఎన్నుకునేవాళ్ళు కాదు, రాష్ట్ర శాసనసభ ఎన్నుకునేది, దాదాపు మన రాజ్యసభ పద్ధతి అనుకోండి. ప్రజలు నేరుగా ఓటేయడం 1913లో పదిహేడో రాజ్యాంగ సవరణ తర్వాతే వచ్చింది. అందుకని సెనేట్‌కు వెళ్ళాలంటే శాసనసభలో ఎవరి బలం ఎంతన్నదే అసలు లెక్క. బెవరిడ్జ్ ఎక్కడం, పడిపోవడం రెండూ ఆ లెక్క మీదే జరిగాయి.

ఇప్పుడు మీకు అడ్డం పడిన ఆ ఉపన్యాసం. 1898లో స్పెయిన్‌తో యుద్ధం గెలిచి అమెరికా ఫిలిప్పీన్స్ పుచ్చుకుంది. అదే ఏడు సెప్టెంబర్లో ఇండియానాపొలిస్‌లో బెవరిడ్జ్ ఒక ఉపన్యాసమిచ్చాడు: ఇంగ్లండ్ పరాయి దేశాలను ఏలగలిగితే మనమెందుకు ఏలలేం అని. అంటే ఆయన చూపించిన నమూనా మనల్ని ఏలుతున్న ఆ పాలనే. మన విద్యార్థి ఎవరైనా ఈ పాఠం చదివితే చురుక్కుమనాల్సింది ఇక్కడ. పాలన పాలితుల అంగీకారంతోనే సాగాలన్న అమెరికా స్వాతంత్ర్య ప్రకటన సూత్రానికి ఆయన చెప్పిన జవాబు ఏమిటంటే, అది తమను తాము ఏలుకోగల వాళ్ళకే వర్తిస్తుందని, రెడ్ ఇండియన్లనీ మన పిల్లల్నీ అడిగి ఏలుతున్నామా అని.

సెనేట్‌కు ఎన్నికయ్యాక ప్రమాణం చేయకముందే, 1899లో, సొంతంగా ఫిలిప్పీన్స్ వెళ్ళొచ్చాడు. అక్కడ అప్పటికి ఫిలిప్పినోలతో యుద్ధం జరుగుతోంది, సైన్యంతో పాటు తిరిగాడు, నోట్సు రాసుకున్నాడు. 1900 జనవరి 9న సెనేట్‌లో తొలి ఉపన్యాసం. కొత్తగా వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు నోరెత్తకూడదన్నది అక్కడి ఆనవాయితీ, ఈయన నెల తిరిగీ తిరగకముందే లేచాడు. ఫిలిప్పీన్స్ ఎప్పటికీ మనదే, దాని వెనక చైనా మార్కెట్ ఉంది, పరిపాలన తెలియని జాతుల్ని ఏలడానికే దేవుడు మన జాతిని వెయ్యేళ్ళుగా తయారు చేశాడు, ఇదీ వరస. అక్కడి వాగు ఒడ్డున దొరికిన బంగారం ముక్క తన దగ్గరుందని కూడా చెప్పాడు. గ్యాలరీల్లో జనం కిక్కిరిసి ఉన్నారు.

దానికి వెంటనే లేచి జవాబు చెప్పింది సొంత పార్టీ పెద్దాయన, మసాచుసెట్స్ సెనేటర్ జార్జ్ ఫ్రిస్బీ హోర్. కుర్రవాడి వాగ్ధాటిని మెచ్చుకుని, ఆ ధారలో న్యాయం, ధర్మం, స్వేచ్ఛ అన్న మాటలు తనకు వినపడలేదని అన్నాడు. ఈ హోర్ 1895లో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడు. బెవరిడ్జ్ పేరుతో అవార్డు ఇస్తున్నది ఆ అసోసియేషనే! చరిత్ర ఇలాంటి తమాషాలు చేస్తుంటుంది.

కాబట్టి మీ గైడ్ అడిగితే దాచకండి. ఆ ఉపన్యాసం సంగతి నిజమే, ఆ యుద్ధంలో 4,000 మందికి పైగా అమెరికన్ సైనికులూ, వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది ఫిలిప్పినోలూ చనిపోయారు, ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1946లో. కుర్రతనంలో ఏదో అన్నాడులే అని సర్దడానికీ లేదు, 1908లో తన ఉపన్యాసాలను పుస్తకంగా వేసుకున్నప్పుడు వీటిని తీసేయలేదు.

నాకు అసలు తప్పు కనిపించేది అభిప్రాయంలో కంటే పద్ధతిలో. ఆయన ఇంట్లో కూర్చుని మాట్లాడలేదు, వెళ్ళి చూసొచ్చాడు, సాక్ష్యం పోగు చేశాడు. కాకపోతే తీర్పు ముందే జేబులో పెట్టుకుని వెళ్ళాడు. 1898లో అన్నదే 1900లోనూ అన్నాడు, మధ్యలో చేసిన ప్రయాణం ఆ మాటకు కొత్త ఉదాహరణలు తెచ్చిపెట్టింది, అంతే. 1902 నవంబర్లో ఇదే మళ్ళీ జరిగింది. సెనేట్‌లో టెరిటరీల, అంటే ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతాల, కమిటీకి ఈయన చైర్మన్. న్యూ మెక్సికో, అరిజోనా, ఓక్లహోమాలకు రాష్ట్ర హోదా ఇవ్వాలని బిల్లొస్తే, కమిటీని రైలెక్కించి అక్కడంతా తిప్పాడు. న్యూ మెక్సికోలో సాక్షుల్ని అడిగిన ప్రశ్నలు చూస్తే నవ్వొస్తుంది: కోర్టులో దుబాసీ కావాలా, బళ్ళో పిల్లలు ఇళ్ళలో స్పానిష్ మాట్లాడతారా. ఔనంటే ఇంకేం, వీళ్ళింకా అమెరికన్లు కాలేదని నివేదిక తయారు. న్యూ మెక్సికో, అరిజోనా రాష్ట్రాలయ్యేసరికి 1912 వచ్చింది. ఇంట్లో ఏ భాష మాట్లాడితే ఆ దేశపు మనిషన్న లెక్క ఎంత దూరం పోతుందో, భాష పేరుతో రాష్ట్రం తెచ్చుకున్నవాళ్ళం, మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే మనిషిని అక్కడే వదిలేస్తే అన్యాయం అవుతుంది. 1906లో చికాగో మాంసం ఫ్యాక్టరీల కుళ్ళు అప్టన్ సింక్లేర్ నవలతో బయటపడి దేశమంతా గగ్గోలెత్తినప్పుడు, మాంసం తనిఖీ చట్టాన్ని సెనేట్‌లో పెట్టి నెగ్గించింది బెవరిడ్జే. తనిఖీ ఖర్చు కంపెనీలే భరించాలనీ, డబ్బాల మీద తేదీ వేయాలనీ ఆయన పట్టు. ప్రతినిధుల సభలో కంపెనీల వైపువాళ్ళు రెండూ కొట్టించేశారు, ఏడాదికి 30 లక్షల డాలర్లు ప్రభుత్వమే పెట్టుకునేలా రాజీ కుదిరింది. డబ్బా మీద తేదీ చూసి కొనే అలవాటున్న మనకు, ఆ చిన్న విషయానికి అంత కొట్లాటా అనిపిస్తుంది.

ఆ మరుసటి జనవరిలో ఇంకా పెద్ద పనికి దిగాడు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో పని చేయించే ఫ్యాక్టరీల, గనుల సరుకు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి రవాణా కాకూడదని బిల్లు పెట్టి, మూడు రోజుల పాటు సెనేట్‌లో మాట్లాడాడు. పిల్లల పని గురించిన ప్రమాణ పత్రాలు ఒక్కొక్కటీ చదివి వినిపించాడు. పన్నెండేళ్ళకు నాగలి పట్టిన మనిషి కదా, ఆ మాటల్లో తడి నాకు కనిపిస్తుంది, కాదనేవాళ్ళుంటే కాదనొచ్చు. బిల్లు పోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత 1916లో దాదాపు అదే ఆలోచనతో చట్టం వచ్చింది, 1918లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో కొట్టేసింది, అలాంటి చట్టం చెల్లుతుందని అదే కోర్టు ఒప్పుకునేసరికి 1941.

1909లో సుంకాల బిల్లు మీద సొంత పార్టీ పెద్దల్ని ఎదిరించి వ్యతిరేకంగా ఓటేశాడు. 1910లో ఇండియానా శాసనసభ డెమొక్రాట్ల చేతికి పోయింది, వాళ్ళు జాన్ కెర్న్‌ను పంపారు, ఈయన ఇంటికొచ్చాడు. 1912లో మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కొత్తగా పెట్టిన ప్రోగ్రెసివ్ పార్టీ మహాసభలో ప్రారంభోపన్యాసం ఈయనదే, అదే ఏడు ఇండియానా గవర్నర్ పదవికి పోటీ చేసి శామ్యూల్ రాల్స్టన్ చేతిలో ఓడాడు. 1914లో సెనేట్‌కు పోటీ చేసి మూడో స్థానం. 1922లో రిపబ్లికన్ పార్టీలోకి తిరిగొచ్చి, పార్టీ లోపలి పోటీలో అప్పటి సెనేటర్నే ఓడించి, తీరా అసలు ఎన్నికలో మళ్ళీ అదే రాల్స్టన్ చేతిలో ఓడాడు. వరసగా నాలుగు దెబ్బలు.

1910లో గెలిచి ఉంటే మనకు చరిత్రకారుడు బెవరిడ్జ్ ఉండేవాడు కాడు, నా గట్టి నమ్మకం. ఇక్కడ ఆయన్ని సాటి సెనేటర్ హెన్రీ కాబట్ లాడ్జ్‌తో పోల్చి చూడండి. లాడ్జ్ ముందు చరిత్రకారుడు, హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి, హామిల్టన్, వెబ్‌స్టర్, వాషింగ్టన్ల మీద పుస్తకాలు రాసి, ఆ తర్వాత సెనేట్‌కు వెళ్ళి 1924లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఈయనది తిరగేసిన దారి. సభలో బేరాలు ఎలా కుదురుతాయో, ఓటు ఎందుకు అటు నుంచి ఇటు మారుతుందో లోపల నుంచి చూసి, దెబ్బలు తిని, యాభై దాటాక కలం పట్టాడు. రాజకీయ నాయకుడు రాసిన చరిత్ర కాబట్టి పనికిరాదని మీ గైడ్ అంటే ఈ మాట చెప్పండి: శాసనసభ జర్నల్ చదివి అందులో ఏది నాటకమో ఏది నిజమో పసిగట్టడం బయటివాళ్ళకు అంత తేలిక కాదు.

మార్షల్ పుస్తకం సంగతికి వస్తే, లా చదివినవాళ్ళకు 1803 నాటి మార్బరీ కేసు తెలిసే ఉంటుంది, చట్టసభ చేసిన చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేయొచ్చని చెప్పిన తీర్పు. అది రాసిన ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, 1801 నుంచి 1835 దాకా ముప్పై నాలుగేళ్ళు ఆ కుర్చీలో ఉన్నాడు. అంతవరకూ ఉన్న ఆయన జీవిత చరిత్రలన్నీ చిన్న చిన్నవే. బెవరిడ్జ్ నాలుగు సంపుటాలు రాశాడు, మొదటి రెండు 1916లో, తర్వాతి రెండు 1919లో వచ్చాయి, 1920లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ప్రతి కేసు వెనకా ఎవరి భూమి, ఎవరి అప్పు, ఏ పత్రిక ఏం తిట్టింది, అన్నీ తవ్వి పెట్టాడు. తీర్పు ఆకాశం నుంచి ఊడిపడదు, దాని కింద బురద ఉంటుందని నాకు నేర్పింది ఆ పుస్తకమే. తన చిత్తు ప్రతులను అధ్యాయాల వారీగా ప్రొఫెసర్లకు పంపి, తప్పులు పట్టమని బతిమాలేవాడు, తన పార్టీ కానివాళ్ళకు, దక్షిణాదివాళ్ళకు కూడా. సెనేట్‌లో ఉన్న రోజుల్లో ఈయన ఎవరి మాటైనా విన్నాడంటే నేను నమ్మను.

మరి లోపం ఎక్కడ? మార్షల్ ఆయనకు హీరో. బలమైన కేంద్రం, ఒకే జాతి అన్నది ఇద్దరి మతం. ఆ హీరోకు ఒక విలన్ కావాలి కాబట్టి అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ దొరికాడు. జెఫర్సన్ ఏం చేసినా కుట్ర, మార్షల్ ఏం చేసినా దూరదృష్టి. మూడో సంపుటంలో 1807 నాటి, మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ రాజద్రోహ విచారణ చదువుతుంటే నవలలా పరిగెడుతుంది, కానీ ముద్దాయి తరఫు వకీలు రాసినట్టే ఉంటుంది. అక్కడ ఇంకో పుస్తకం పక్కన పెట్టుకోకుండా ఒక్క వాక్యం కూడా ఎత్తి రాయకండి. ఇంకొకటి, మార్షల్ తన జీవితమంతా బానిసలను కొన్న మనిషని ఈ మధ్య పరిశోధకులు రికార్డులు తీసి చూపించారు, ఈ నాలుగు సంపుటాల్లో దానికి దక్కిన చోటు చాలా తక్కువ.

ఇప్పుడు లింకన్. ఇది చెప్పే ముందు నా కథ చెప్పాలి.

మా ప్రాంతంలో స్వాతంత్ర్యోద్యమ నాయకుడొకాయన ఉండేవారు, పేరు వద్దు. చిన్నప్పటి నుంచీ వింటున్న కథ ఏమిటంటే, 1921లో గాంధీగారి పిలుపు అందగానే తాలూకా బోర్డు సభ్యత్వాన్ని గడ్డిపోచలా విసిరేశారని. శతజయంతికి పుస్తకం రాయమని కుటుంబం వాళ్ళే నన్ను అడిగారు. పాత కాగితాల కోసం తార్నాకలోని ఆర్కైవ్స్‌కీ, మద్రాసు ఎగ్మూర్‌కీ, కలెక్టరాఫీసు రికార్డు రూముకీ తిరిగాను. రికార్డు రూములో చెదలు తినగా మిగిలిన బోర్డు మినిట్స్ పుస్తకంలో ఉన్నదేమిటంటే, ఆయన పదవీకాలం అంతకు ముందే ముగిసిపోయింది, మళ్ళీ నిలబడి ఓడిపోయారు. రాజీనామా చేయడానికి అప్పటికి పదవే లేదు. వాళ్ళ పెద్దబ్బాయి నా చెయ్యి పట్టుకుని, మాస్టారూ, ఆ కాగితం మీ కంటపడలేదనుకోండి అన్నారు. డైరీలు ఇస్తామన్నవాళ్ళు ఇవ్వడం మానేశారు. నేను కూడా ధీరుణ్ణేం కాదు, రెండేళ్ళు ఆ పేజీ రాయకుండా తప్పించుకు తిరిగాను. చివరికి ఒక్క వాక్యంలో రాశాను, ఆవిష్కరణకు ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు.

ఆ రెండేళ్ళలో మళ్ళీ చదివాను బెవరిడ్జ్ లింకన్ పుస్తకం. ఆయన అది మొదలుపెట్టినప్పుడు లింకన్ అంటే దేవుడు. రిపబ్లికన్ పార్టీ మనిషి, అంతర్యుద్ధంలో యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది పక్షం, వైపున్న ఇంట్లో పుట్టినవాడు, ఇంకెలా ఉంటుంది? ఇల్లినాయ్ శాసనసభ జర్నళ్ళు, స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రికలు, లింకన్ పాత లా పార్ట్‌నర్ హెర్న్‌డన్ పోగు చేసిన వాఙ్మూలాలు ముందేసుకుని కూర్చున్నాడు. అందులో తేలిన యువ లింకన్ మామూలు పార్టీ కార్యకర్త. రాజధానిని వాండాలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తేవడానికి మీ ఊరికి కాలవకు మేం ఓటేస్తాం, మా ఊరి రాజధానికి మీరు ఓటేయండి అని బేరాలాడిన శాసనసభ్యుడు. ఆ కాలవలూ రైలు మార్గాల పథకాలూ రాష్ట్రాన్ని అప్పుల్లో ముంచాయి. ప్రత్యర్థి షీల్డ్స్‌ను వెక్కిరిస్తూ 1842లో పత్రికకు పేరు లేకుండా ఉత్తరం రాసి, కత్తులతో ద్వంద్వ యుద్ధం దాకా తెచ్చుకున్న కుర్రాడు. రాజధాని ఎక్కడుండాలన్న గొడవలో ఎవరు ఎవరితో ఎలా బేరాలాడతారో తెలుగువాళ్ళకు పాఠం చెప్పాల్సిన పని లేదు, ఆ అధ్యాయం మీకు ఇట్టే ఎక్కుతుంది.

ఇదంతా బెవరిడ్జ్ రాసేశాడు. తీసేయలేదు, మెత్తగా చుట్టి చెప్పలేదు. వాస్తవాలను సరిగ్గా పేరిస్తే అవే మాట్లాడతాయి, రచయిత మధ్యలో దూరక్కర్లేదన్నది అప్పటికి ఆయన సూత్రం. ఈ సూత్రాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను, పేర్చేది ఎవరు, మనమే కదా. కానీ 1900లో బంగారం ముక్క గొప్ప చెప్పుకున్న మనిషి పాతికేళ్ళకు ఈ మాట అంటున్నాడంటే, ఎంత దూరం నడిచాడో చూడండి. తీర్పు జేబులో పెట్టుకుని వెళ్ళే అలవాటున్నవాడు, ఈసారి వెళ్ళి, కాగితం చూసి, ఆ తీర్పును బయట పారేసి వచ్చాడు.

డైరీలు దొరకని బాధ ఆయనకూ ఉంది. లింకన్ సొంత కాగితాలు కొడుకు రాబర్ట్ చేతిలో ఉండేవి. బెవరిడ్జ్ ఎంత అడిగినా చూపించలేదు. 1923లో అవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేస్తూ, తాను పోయిన ఇరవై ఒక్క ఏళ్ళ దాకా ఎవరూ తెరవకూడదని షరతు పెట్టాడు. రాబర్ట్ 1926 జూలైలో పోయాడు, పెట్టెలు తెరిచింది 1947లో. బెవరిడ్జ్ అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1927 ఏప్రిల్ 27న ఇండియానాపొలిస్‌లో పోయాడు, అరవై నాలుగేళ్ళకు. పుస్తకం రెండు సంపుటాలుగా 1928లో వచ్చింది, 1858 దగ్గర, సెనేట్ సీటుకు పోటీపడ్డ ప్రత్యర్థి డగ్లస్‌తో లింకన్ చేసిన చర్చల దగ్గర ఆగిపోయింది. అంటే అధ్యక్షుడు లింకన్ అందులో లేడు. అసలు ఎక్కాల్సిన కొండ ముందుండగానే ప్రయాణం ఆగింది.

దీనికీ జాగ్రత్తలు ఉన్నాయి. ఒక పక్షం వకీలుగా ఉండకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసేసరికి, రెండో సంపుటంలో అటు ఒరిగిపోయాడు. డగ్లస్ మీద, దక్షిణాది మీద సానుభూతి, బానిసత్వ నిర్మూలన కోరినవాళ్ళ మీద చిరాకు. సెనేట్లో డగ్లస్ ఏమన్నాడు, ఇంకొకడు ఏమన్నాడు అని పేజీలకు పేజీలు, ఎవరి గురించి ఆ గొడవంతా జరుగుతోందో ఆ బానిసల గొంతు మాత్రం వినపడదు. ఫిలిప్పినోల గొంతు వినపడనట్టే, న్యూ మెక్సికోలో దుబాసీ అవసరమైనవాళ్ళ గొంతు వినపడనట్టే. మనిషి చాలా మారాడన్నాను గానీ, ఈ ఒక్క చెవి చివరిదాకా తెరుచుకోలేదు. మీ సెమినార్ పేపర్‌కు నేను గైడునైతే దీని మీదే రాయమంటాను, ఉపన్యాసాన్నీ లింకన్ రెండో సంపుటాన్నీ పక్కపక్కన పెట్టి.

అవార్డు గురించి అడిగారు కదా. ఆయన పోయాక భార్య క్యాథరిన్ ఇచ్చిన విరాళం, ఇండియానాలోని అసోసియేషన్ సభ్యుల చందాలు కలిపి నిధి పెట్టారు. 1939 నుంచి ఇస్తున్నారు. అమెరికా, కెనడా, లాటిన్ అమెరికా చరిత్ర మీద 1492 నుంచి ఇప్పటిదాకా ఏ కాలం గురించైనా ఇంగ్లీషులో వచ్చిన మంచి పుస్తకానికి ఇస్తారు. ఆ అవార్డు వచ్చిన పుస్తకం ఆయన భావాలను మోస్తుందనేం లేదు, ఆ భయం వదిలేయండి.

చదివే వరస అడిగితే, ముందు 1900 ఉపన్యాసం, దాని వెంటనే హోర్ జవాబు. తర్వాత మార్షల్ నాలుగో సంపుటం, కేంద్రం అధికారాలను బలపరిచిన 1819 నాటి మెకలక్ కేసు అధ్యాయం. ఓపికుంటే మూడోది. మొదటి సంపుటం యుద్ధకాలం కథ, ఆసక్తి లేకపోతే దాటేయండి. లింకన్ మొదటి సంపుటంలో శాసనసభ అధ్యాయాలు తప్పకుండా. మార్షల్ సంపుటాలకు కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, లింకన్‌కు అమెరికాలో 2024 జనవరితో తీరింది, కాబట్టి అన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, జిరాక్స్‌కు డబ్బులు తగలేయకండి. ఒకటి మాత్రం చూసుకోండి, వెతికేటప్పుడు ఆల్బర్ట్ అని పూర్తిగా కొట్టండి, లేకపోతే బాబర్ దిగుతాడు.